పసిపిల్లల పానం కాసే సూది, ఊర్లు కాల్చిన నిప్పు: ఒక్క కెమిస్టు కథ

సర్కారు దవాఖానల కాన్పు అయినంక పసిబిడ్డ తొడకు ఒక చిన్న సూది ఇస్తరు. మన ఇండ్లల్ల చానామంది దాన్ని టీకా అనుకుంటరు. అది టీకా కాదు, విటమిన్ కె. ఒక్క మిల్లీగ్రాము. మరీ తక్కువ బరువుతోని, అంటే కిలో లోపు పుట్టిన బిడ్డకైతే అందుల సగం. బిడ్డ జిందగీల ఈ సూది పడేది ఒక్కసారే. ఎందుకిచ్చిన్రో తల్లికి చెప్పెటోళ్లు తక్కువ, అడిగెటోళ్లు ఇంకా తక్కువ.

ఈ సూది ముచ్చట తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే నాకు ఒక మనిషి ఎదురైండు. పేరు లూయీ ఫీజర్. అమెరికా కెమిస్టు, హార్వర్డ్ యూనివర్సిటీల ప్రొఫెసర్. విటమిన్ కె ని ల్యాబుల తయారుచేసినోళ్లల్ల ఆయన ఒకడు. కాన్సర్ ఎట్ల పుడతదో తెలుసుకునే రసాయనాల మీద పనిచేసినోడు. నాపామ్ అనే నిప్పు జిగురును కనిపెట్టింది కూడ ఆయననే. వియత్నాం పేరు చెప్తే యాదికొచ్చే నాపామ్ అదే. ఈ మూడు పనులు ఒక్క మనిషివి ఎట్లయినయి? దాంట్ల మనం నేర్వాల్సింది ఏమున్నది? కాలేజీల సైన్స్ సదివినోణ్ణి కాను నేను. పుస్తకాలు పట్టుకోని నాకు నేనే నేర్చుకున్న. అందుకే మనకు అర్థమయ్యే మాటలల్లనే చెప్త.

నెత్తురు ఆగకపోతే

ఏలు తెగితే కొద్దిసేపు నెత్తురు కారి ఆగుతది. అది దానంతట అదే ఆగదు. మన కార్జం కొన్ని ప్రొటీన్లు తయారుచేసి నెత్తురులకు పంపుతది. దెబ్బ తగిలిన కాడ అవి ఒకదాని ఎనక ఒకటి పనిచేసి వల లెక్క అల్లుకుంటయి. అప్పుడు నెత్తురు గడ్డకడతది. అయితే ఆ ప్రొటీన్లల్ల నాలుగింటికి క్యాల్షియం పట్టుకునే కొక్కెం ఉండాలె. ఆ కొక్కెం తగిలించాల్నంటే కార్జానికి విటమిన్ కె కావాలె. అది లేకుంటే ప్రొటీన్ తయారైతది గని పనికిరాదు. కొక్కెం లేని తాడుతోని బాయిల బొక్కెన తీసినట్టు అయితది.

పెద్దోళ్లకు ఈ విటమిన్ ఆకుకూరలల్ల దొరుకుతది. తోటకూర, పాలకూర, మునగాకు, ఏదైనా పచ్చగున్న ఆకు. కొంత మన పేగులల్ల ఉండే సూక్ష్మజీవులు కూడ చేస్తయి. పుట్టిన బిడ్డకు ఈ రెండూ లేవు. తల్లి కడుపుల ఉన్నప్పుడు మాయ దాటి బిడ్డకు చేరేది చానా తక్కువ. పేగులల్ల సూక్ష్మజీవులు అప్పటికింకా కుదురుకోవు. తల్లిపాలు బిడ్డకు అమృతమే, అందుల అనుమానం లేదు. కని తల్లిపాలల్ల విటమిన్ కె మాత్రం తక్కువ ఉంటది.

అందుకే కొందరు పసిపిల్లలకు ఉన్నట్టుండి నెత్తురు కారుతది. కొందరికి మొదటి వారంల బొడ్డు కాడ, పేగులల్ల. ఇంకో రకం మరీ మోసకారిది. రెండు వారాలు దాటినంక, మూడు నెలల లోపు వస్తది. అప్పటిదాక బిడ్డ మంచిగనే ఉంటది. చానాసార్లు నెత్తురు కారేది మెదడుల. సూది ఇయ్యకుంటే లక్ష మంది పిల్లలల్ల నలుగురి నుంచి ఏడుగురికి ఇట్లయితదని లెక్కలు చెప్తున్నయి. తక్కువనే కదా అనిపిస్తది. కని ఆ బిడ్డ ఎవలింట్ల ఉంటదో ముందుగాల ఎవలికి తెలుస్తది?

ఆన్లైన్ల తిరిగే ఒక భయం గురించి కూడ చెప్పాలె. ఈ సూదితోని పిల్లలకు కాన్సర్ వస్తదని 1990ల మొదట్ల బ్రిటన్ల ఒక పరిశోధన అనుమానం లేపింది. జనం భయపడ్డరు. తర్వాత వేరే దేశాలల్ల ఇంకా పెద్ద సంఖ్యల పిల్లలను చూసి లెక్కతీసిన్రు. ఆ సంబంధం నిలవలే. ఒక పరిశోధన అనుమానం లేపుడు, పది పరిశోధనలు దాన్ని పరీక్షించుడు, సైన్స్ నడిచే తీరే అది. మన ఫోన్లకు మాత్రం మొదటి సగమే వస్తది.

కోడిపిల్లల నుంచి ల్యాబు దాక

ఈ విటమిన్ దొరికింది కోడిపిల్లల్ల. డెన్మార్క్ ల హెన్రిక్ దామ్ అనే శాస్త్రవేత్త 1929 ప్రాంతంల కోడిపిల్లలకు కొవ్వు లేని దాణా పెట్టి చూస్తున్నడు. ఆ పిల్లలకు తోలు కింద, కండరాలల్ల నెత్తురు కారింది. అప్పటికి తెలిసిన ఏ విటమిన్ ఇచ్చినా ఆగలే. ఇది కొత్తదని 1935ల చెప్పిండు. నెత్తురు గడ్డకట్టుడును వాళ్ల భాషల కోయాగ్యులేషన్ అంటరు, ఆ మాట ‘కె’ అక్షరంతోని మొదలైతది. పేరు అట్ల వచ్చింది.

అమెరికాల ఎడ్వర్డ్ డోయిజీ బృందం లూసర్న్ గడ్డి నుంచి దాన్ని వేరుచేసింది. మన దగ్గర పాడి పశువులకు ఏసే లూసర్నే. కుళ్లిన చేపపొడి నుంచి ఇంకో రకం తీసిన్రు. 1939 వచ్చేసరికి నాలుగైదు ల్యాబులు పోటీపడ్డయి. దాన్ని గడ్డి నుంచి పిండుకోకుండ, ల్యాబుల తయారు చేసుడెట్ల? ఆ ఏడాది ఆ పని చేసినోళ్లల్ల ఫీజర్ ఒకడు. రింగుల ముక్క ఒకటి తీసుకున్నడు. ఆకుకు పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్ కు ఒక పొడుగు తోక ఉంటది, ఫైటాల్ అంటరు. ఆ రెండింటిని కలిపిండు. విటమిన్ కె వచ్చింది. 1943 నోబెల్ బహుమతి దామ్ కు, డోయిజీకి వచ్చింది, ఫీజర్ కు రాలే.

ఆ ల్యాబుల ఇంకో మనిషి ఉన్నది. మేరీ ఫీజర్, ఆయన భార్య. ఆమె కూడ కెమిస్టే. హార్వర్డ్ ల సదివేటప్పుడు ఒక ప్రొఫెసర్ ఆమెను మగ విద్యార్థులతోని కలిసి ప్రయోగాలు చేయనియ్యలే. పక్క బిల్డింగు కింద ఎవలూ లేని గదిల ఒక్కతే చేసుకోవాల్సొచ్చింది. ఆడోళ్లకు ఇక్కడ తొవ్వ లేదని అర్థమై పీహెచ్‌డీ ఆలోచన వదులుకున్నది. అయినా విటమిన్ కె పనిల, పుస్తకాలల్ల భర్తతోని సమానంగ పనిచేసింది. యూనివర్సిటీల ఆమెకు ఒక హోదా అంటూ ఇయ్యనీకె దాదాపు 30 ఏండ్లు పట్టింది. ప్రపంచమంతట కెమిస్ట్రీ పిలగాండ్లు ఆ ఇద్దరి పేర్లున్న పుస్తకాలు సదివిన్రు.

గోరింటాకుకు చుట్టం

ఇప్పుడు జర రసాయనం ముచ్చట. తేనెపట్టుల ఆరు మూలల గదులు ఉంటయి గదా. అసొంటి గదులు రెండు పక్కపక్కన అతికినట్టు ఊహించుకోండ్రి. అందుల ఒక గదికి ఎదురెదురుగ రెండు ఆక్సిజన్లు తగిలియ్యుండ్రి. దీన్ని నాఫ్తోక్వినోన్ అంటరు. విటమిన్ కె కు బొక్కలగూడు ఇదే. మన గోరింటాకుల ఎర్రరంగు ఇచ్చే లాసోన్ కు కూడ బొక్కలగూడు ఇదే. ఆషాఢంల మన ఆడబిడ్డల చేతులను పండించేది, పసిబిడ్డ నెత్తురు ఆపేది చుట్టాలన్నట్టు. చుట్టాలైనంత మాత్రాన పని ఒక్కటి కాదు, గోరింటాకు తింటే విటమిన్ రాదు. చిన్న మార్పుతోని గుణం మొత్తం మారుతది.

ఫీజర్ జిందగీల చానా భాగం ఈ కుటుంబం మీదనే పనిచేసిండు. ఇందుల లపచోల్ అనేది ఒకటున్నది. దక్షిణ అమెరికా చెట్లల్ల ఉంటది, టేకు చెక్కల కూడ ఉంటది. శామ్యూల్ హూకర్ అనే కెమిస్టు దాని మీద చేసిన పని ఆయన సచ్చిపోయినంక మిగిలిపోతే, ఫీజరే దాన్ని అచ్చు ఏయించిండు. రెండో ప్రపంచ యుద్ధంల క్వినైన్ దొరకకుండ పోయినప్పుడు ఫీజర్ బృందం ఈ కుటుంబంల వందల కొద్ది పదార్థాలు చేసి మలేరియా మీద పరీక్షించింది. ఇప్పుడు మలేరియాకు వాడే అటోవాక్వోన్ ఆ వంశంల పుట్టిందే.

లపచోల్ కాన్సర్ గడ్డలను తగ్గిస్తదని జంతువుల్ల కనిపించింది. 1960లల్ల అమెరికాల రోగులకు ఇచ్చి చూసిన్రు. గడ్డ తగ్గేంత మోతాదు ఇస్తే ఒకరింతలు, వాంతులు, ఇంకో దిక్కు నెత్తురు గడ్డకట్టుడు మందగించుడు. ఎందుకు? అది విటమిన్ కె లెక్క ఉంటది గనుక దాని జాగల కూసుంటది, దాని పని మాత్రం చేయది. మందు ముందుకు పోలే.

ఇదే ఉపాయం ఇంకో విటమిన్ తోని పనిచేసింది. ఆ పని చేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగోడే, భీమవరంల 1895ల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫీజర్ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ల ఉన్న ఏండ్లల్లనే ఈయన హార్వర్డ్ మెడికల్ స్కూల్ల పనిచేసిండు. 1940ల లెడర్లీ కంపెనీకి పోయిండు. ఆడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ ను తయారుచేసింది, దాని లెక్కనే కనిపించే దొంగ రూపాలను కూడ చేసింది. కాన్సర్ కణం పెరగాల్నంటే ఫోలిక్ యాసిడ్ కావాలె. దొంగ రూపం పోయి ఆ జాగల కూసుంటే కణం ఆగుతది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ నెత్తురు కాన్సర్ పిల్లలకు దాన్ని ఇచ్చి కొందరికి కొంతకాలం తగ్గిందని 1948ల చెప్పిండు. ఇయ్యాల వాడే మెథోట్రెక్సేట్ ఆ వరుసలదే.

తారుల దాగిన కాన్సర్

ఫీజర్ కాన్సర్ పని ఇంకో దిక్కు నుంచి మొదలైంది. కాన్సర్ పుట్టించేది ఏంది? 1775ల లండన్ డాక్టర్ పెర్సివాల్ పాట్ ఒకటి గమనించిండు. పొగగొట్టాలు తుడిచే పేద పిలగాండ్లకు పెద్దయినంక వృషణాల సంచి మీద పుండు పడి కాన్సర్ అయితున్నది. మసి నుంచి వస్తున్నదని చెప్పిండు. 1915ల జపాన్ శాస్త్రవేత్తలు కుందేలు చెవికి నెలల తరబడి బొగ్గుతారు రాసి కాన్సర్ తెప్పించిన్రు. 1930లల్ల ఆ తారు నుంచి బెంజోపైరీన్ అనే అసలు దొంగను పట్టుకున్నరు. ఫీజర్, ఆయనతోని పనిచేసిన సెలిగ్‌మన్ 1935ల మిథైల్ కొలాంథ్రీన్ అనే దాన్ని ల్యాబుల తయారుచేసిన్రు. ఎలుకకు కొంచెమిస్తే కాన్సర్ గడ్డ వస్తది. ఇదేం పని అనిపించొచ్చు. కని గడ్డను తగ్గించే మందును పరీక్షించాల్నంటే ముందుగాల ఎలుకల గడ్డ ఉండాలె. తర్వాత ఏండ్ల తరబడి చానా ల్యాబులు దాన్ని అందుకే వాడినయి.

నిప్పు జిగురు

ఇగ నాపామ్. యుద్ధం మొదలైంది. పెట్రోలు బాంబు ఏస్తే ఊర్కెనే చిమ్మి ఆరిపోతున్నది. అంటుకోని కాలే జిగురు కావాలె అని మిలిటరీ అడిగింది. ఫీజర్ బృందం సబ్బు జాతి పొడులు రెండు పెట్రోల్ల కలిపింది. నాఫ్తనేట్, పామిటేట్. ఆ రెండు పేర్ల మొదలు కలిపితే నాపామ్. 1942 జూలై 4న హార్వర్డ్ ఆటస్థలంల పరీక్షించిన్రు.

1943ల యూటా ఎడారిల జర్మనీ ఇండ్లు, జపాన్ ఇండ్లు అచ్చం అట్లనే కట్టిన్రు. లోపట సామాన్లు, చాపలతో సహ పెట్టి కాల్చి చూసిన్రు. 1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద ఈ బాంబులు ఏసిన్రు. తెల్లారేసరికి దాదాపు లక్ష మంది సచ్చిపోయిన్రు. చెక్క ఇండ్ల పేద వాడలే మొదలు కాలినయి.

వియత్నాంల వాడింది కొంచెం వేరే మిశ్రమం. పెట్రోలు, బెంజీన్, మన థర్మకోల్ ల ఉండే పాలిస్టైరీన్. ఫీజర్ చేసిన సూత్రం కాదది, పేరు మాత్రం అదే నిలిచింది. 1972 జూన్ 8న తోలు కాలి, బట్టల్లేక రోడ్డు మీద ఉరికొస్తున్న తొమ్మిదేండ్ల పిల్ల కిమ్ ఫుక్ ఫొటో మీరు చూసే ఉంటరు. అది నాపామే.

ఆ ఏండ్లల్ల విలేకర్లు ఫీజర్ ను అడిగిన్రు. నాకు తప్పు చేసిన భావన లేదు, చేసిన వస్తువును ఎవలెట్ల వాడుతరో దానికి కనిపెట్టినోడు బాధ్యుడు కాదు అనే తీరుగ చెప్పిండు. కట్టడాల మీద వాడుతరనుకున్నం గని మనుషుల మీద అనుకోలే అని కూడ అన్నడు. నేను ఈ మాట కాడ ఆగిపోయిన. యూటాల ఇంట్ల చాప పరిచి కాల్చి చూసినప్పుడు, ఆ చాప మీద పండుకునేది ఎవలు?

ఆయనను రాక్షసుడు అనుడు నా ఉద్దేశం కాదు. ఎదురుగ హిట్లర్ ఉన్నడు, దేశం అడిగింది, చేసిండు. కని ‘నా పని కనిపెట్టుడు వరకే’ అనే మాటతోని నాకు పేచీ ఉన్నది. ఆ మాట అంటే చాలు, అడిగినోడు ఎవలైనా, పని ఏదైనా ఒక్కతీరుగనే చేసిపెట్టొచ్చు.

ఆయన ఛాతీలకే వచ్చింది

ఇంకో మలుపున్నది. సిగరెట్టు మంచిదా చెడ్డదా తేల్చనీకె అమెరికా సర్కారు 10 మందితోని కమిటీ ఏసింది. అందుల ఫీజర్ ఒకడు. పొగల తారు రసాయనాలు ఆయనకంటే ఎక్కువ తెలిసినోళ్లు తక్కువ. 1964 జనవరి 11న రిపోర్టు వచ్చింది. సిగరెట్టు తాగే మగోళ్లకు ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు తాగనోళ్ల కంటే తొమ్మిది, పది రెట్లు అని, బాగ తాగెటోళ్లకు 20 రెట్ల దాక అని తేల్చిన్రు. సంతకం పెట్టినోళ్లల్ల ఉన్న ఫీజర్ మాత్రం సిగరెట్టు ఇడువలే. ఏడాది తిరిగేసరికి ఆయనకే ఊపిరితిత్తుల కాన్సర్ బయటపడ్డది. ఆపరేషన్ అయినంక మానేసిండు, ఇంకొకరికి మానుమని చెప్పుడు మొదలుపెట్టిండు. 1977ల సచ్చిపోయిండు.

తెలిసినోడికే అలవాటు అంత గట్టిగ పట్టుకుంటే, తెల్వనోళ్ల సంగతేంది? మన నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి దిక్కు లక్షల చేతులు బీడీలు చుడుతయి. బీడీ ఆకుది గదా, సిగరెట్టు కంటే నయం అని పిలగాండ్లు అంటరు. ఆకు కాలినా, కాయితం కాలినా తారు తారే, అందుల బెంజోపైరీన్ ఉంటది. బీడీ చుట్టే అక్కల కూలి గురించి కొట్లాడుతూనే, బీడీ తాగే తమ్ముళ్లకు ఈ ముచ్చట చెప్పాలె. రెండూ ఒకదానికి ఒకటి అడ్డం కాదు.

అడిగింది ఎవలు

నాపామ్ గురించి గట్టిగ అడిగింది ల్యాబుల ఉన్న పెద్దోళ్లు కాదు, మీ వయసు పిలగాండ్లు. వియత్నాం యుద్ధంల అమెరికా మిలిటరీకి నాపామ్ చేసి ఇచ్చింది డౌ కెమికల్ కంపెనీ. కొలువులు ఇస్తమని ఆ కంపెనీ వచ్చినప్పుడు, 1967 అక్టోబర్ 18న విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం కూసున్నరు. పోలీసుల లాఠీలు విరిగినయి. తర్వాత 1980ల అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, సాధారణ జనం మీద నిప్పు ఆయుధాలు వాడొద్దని. ఇదే డౌ కంపెనీ 2001ల యూనియన్ కార్బైడ్ ను కొన్నది. 1984ల భోపాల్ జనం మీదికి గ్యాసు ఇడిచిన ఫ్యాక్టరీ యూనియన్ కార్బైడ్ దే. భోపాల్ బాధితులు పరిహారం కోసం, విషం సాఫ్ చేయుమని అడుగుతనే ఉన్నరు.

మీల కొందరు ఫార్మా కంపెనీలల్ల పనికి పోతున్నరు, కొందరు బీఎస్సీ కెమిస్ట్రీ సదువుతున్నరు. నేను కోరేది సైన్స్ కు భయపడుమని కాదు. నేర్వుండ్రి, గట్టిగ నేర్వుండ్రి. నేర్సినంక మూడు మాటలు అడుగుండ్రి. ఇది ఎవలికోసం చేస్తున్నం? పైసలు ఎవలివి? దీని పొగ, దీని నీళ్లు ఎవలూరికి పోతయి?

అడుగుడు ఇంట్లకెంచి కూడ మొదలుపెట్టొచ్చు. మీ అక్కకో, వదినెకో కాన్పు అయితే విటమిన్ కె సూది ఇచ్చిన్రా అని నర్సమ్మను అడుగుండ్రి, కాయితం మీద రాసిన్రా చూడుండ్రి. కాన్పు ఇంటికాడ అయితే, తెల్లారే ఆశా అక్కకు ఫోన్ చేసి అడుగుండ్రి. ఇంట్ల ఎవలన్న నెత్తురు పల్చబడే వార్ఫరిన్ గోలీ ఏసుకుంటే, ఆకుకూరలు ఒక్కసారిగ పెంచుడు, ఆపుడు చేయొద్దు, డాక్టర్ తోని మాట్లాడాలె. ఎందుకంటే ఆ గోలీ పనిచేసేది విటమిన్ కె కు ఎదురుగ.

అడిగితే ఏమనుకుంటరో అని ఊకోవద్దు. కోడిపిల్లకు నెత్తురెందుకు కారుతున్నదని ఒకాయన అడిగిండు గనుకనే ఆ సూది మన ఊరి దాక వచ్చింది.